కోడికి పడిన దాణా

"ఆ బట్టలు లోపలికి తేకు, అక్కడే ఆరెయ్యి" అంది మా అత్తయ్య వరదమ్మ, వంటింటి కిటికీలోంచి.

పెరట్లో కుళాయి దగ్గర కూర్చుని నేను ఆ రోజు ల్యాబ్‌కి వేసుకెళ్ళిన చుడీదార్ పిండుతున్నాను. ఆవిడ చెప్పనక్కర్లేదు. ఎనిమిదేళ్ళుగా చేస్తున్నది అదే. తిరుపతిలో మా ఇంటికి నేను వీధి గుమ్మంలోంచి రాను. పక్క సందులోంచి పెరట్లోకి వస్తాను. చెప్పులు గోడవార విడిచి, బట్టలు తడిపి, తలకు పోసుకుని, పొడిబట్ట కట్టుకున్నాక వంటింట్లో కాలు పెడతాను. మార్గశిరం చలిలో కూడా అంతే. ఇదంతా ఎవరూ గట్టిగా అరిచి పెట్టిన నియమం కాదు. మా ఇంట్లో ఎవరూ అరవరు. పెళ్ళైన కొత్తలో మాధవ్ నా చెయ్యి పట్టుకుని ఎంతో మెత్తగా చెప్పాడు. "నిన్ను ఉద్యోగం మానమనట్లేదు హంసినీ. మా ఇల్లు ఎలాంటిదో నీకు తెలుసుగా. ఆ కోళ్ళూ అవీ గడప అవతల వదిలేసి రా, చాలు." నేను వదిలేసే వచ్చాను. తన ఉద్యోగం మాత్రం రోజూ గడప దాటి లోపలికి వచ్చేది. ఫైళ్ళు భోజనాల బల్ల మీదికి, పై అధికారి మీద కోపం పడగ్గదిలోకి వచ్చేవి. అన్నిటికీ నేను కాఫీ కలిపి ఇచ్చేదాన్ని. బంధువులు ఎవరైనా మా కోడలేం చేస్తుందని అడిగితే అత్తయ్య "సైన్సు చదివింది, ఏవో పరీక్షలు చేస్తుంది" అనేది. ఆ 'ఏవో' అన్నచోట ఆవిడ గొంతు కొంచెం తగ్గేది.

నేను చేసే పరీక్షలు కోళ్ళ మీద. పశువైద్యం చదివాను, ఆపైన కోళ్ళ జబ్బుల మీద డాక్టరేటు చేశాను. కోడిపిల్లలకు మూడో వారంలో రక్తపారుడు అనే జబ్బు వస్తుంది. పొద్దున చూస్తే రెక్కలు వేలాడేసి, కళ్ళు మూసుకుని, చలికి ఒకదాన్నొకటి ఆనుకుని నిలబడతాయి. సాయంత్రానికి సగం ఉండవు. అది రాకుండా ఫారం కోళ్ళ దాణాలో ఒక మందు కలుపుతారు. తక్కువ పడితే జబ్బు ఆగదు, ఎక్కువ పడితే పిల్లల కాళ్ళు పడిపోతాయి. ఆ మధ్యనున్న సన్నటి కొలతను వెతకడం నా పని. వెతికే కొద్దీ నాకు ఆ పని మీద ప్రేమ పెరిగింది. ఆ సంగతి ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. ఎవరూ అడగలేదు కూడా.

ల్యాబ్‌లో మా విభాగాధిపతి సంపత్కుమార్ గారు. ఆయనా అరిచే మనిషి కాదు. మీటింగులో నాకంటే చిన్నవాళ్ళైన మగపిల్లలు ముగ్గురు కూర్చుని ఉన్నా, "హంసినీ, ఆ బిస్కెట్లు అటు తిప్పమ్మా" అనేవారు. నేను రాసిన నాలుగు పరిశోధన పత్రాల్లోనూ ఆయన పేరే ముందుంది. "పెద్దవాళ్ళ పేరు ముందుంటే పత్రానికి గౌరవం" అని ఆయన అన్నారు. నేను తలూపాను. తలూపడం నాకు చిన్నప్పటి నుంచీ బాగా వచ్చిన విద్య.

ఆ సోమవారం పొద్దున పదిన్నరకు ఒకామె వచ్చింది. నలభై ఏళ్ళుంటాయి. నలిగిన నేత చీర, ఎండకు కమిలిన మెడ. చంకలో ఉన్న గుడ్డసంచిలోంచి నాటుకోడి ఒకటి తల బయటపెట్టి చూస్తోంది.

"కోడికి బాగలేదు మేడం. సూడండి" అంది.

కోడిని బల్ల మీద పెట్టి చూశాను. తురాయి ఎర్రగా ఉంది. కళ్ళు మెరుస్తున్నాయి. పొట్ట నిండుగా ఉంది. నేను రాసుకుంటుంటే నా పెన్నును పొడిచింది.

"బాగానే ఉందమ్మా. మీ ఇంట్లో ఇంకేమైనా చచ్చిపోయాయా?"

"లేదు మేడం. పదైదు ఉండాయి. అన్నీ బాగుండాయి."

"మరి దీన్నెందుకు తెచ్చారు?"

ఆమె తలుపు వైపు ఒకసారి చూసింది. "కోళ్ళ ఆఫీసని బోర్డుండాది గదా. గుర్రం కోసరం వచ్చినానంటే లోపలికి రానీరని కోడిని ఎత్తుకోని వచ్చినా."

ఆ తర్వాత సంచి అడుగు నుంచి రెండు వస్తువులు తీసి బల్ల మీద పెట్టింది. ఒకటి కిలోన్నర దాణా పొట్లం. రెండోది కాగితంలో చుట్టిన నీళ్ళ సీసా. సీసాలో ఉన్నది నీళ్ళు కాదు. టీ డికాషన్‌లా ఎర్రగా, నల్లగా ఉంది.

"ఇది గుర్రం మూత్రం" అంది, నేను అడగకముందే.

ఆమె పేరు మునిలక్ష్మి. ఐరాల దగ్గర ఉంటారు. భర్త చెంగయ్య పెళ్ళిళ్ళకూ జాతర్లకూ ఊరేగింపు గుర్రాలను తోలుకుపోతాడు. తలపాగా చుట్టుకుని కళ్ళెం పట్టుకుని ముందు నడిచేది చెంగయ్య. కసువు కోసేది, కొట్టం ఊడ్చేది, గుర్రాలను కడిగేది, ఉలవలు ఉడకబెట్టి పెట్టేది మునిలక్ష్మి. వాళ్ళకు రెండు గుర్రాలు. తెల్లది శనివారం చచ్చిపోయింది. రెండోది, గోధుమరంగు ఆడగుర్రం, అదే రోజు నుంచి వెనక కాళ్ళు ఈడుస్తోంది. గుర్రాల డాక్టరు దగ్గరికి ఎందుకు పోలేదని అడిగాను.

"యజమాని రావల్లన్నారు. యజమాని మా ఇంటాయన. ఆయప్ప రాడు. తెల్లది ఎందుకు సచ్చిపోయిందో ఆయప్పకు, మా అత్తకు తెలిసిపోయింది గదా." ఆమె కోడి వీపు నిమురుతూ చెప్పింది. "నేను బయటుండిన దినాల్లో దాన్ని కడిగినానంట. సామిని మోసే గుర్రమంట. నా అంటు తగిలి సచ్చిందని మా అత్త ఊరంతా చెప్పె. మా ఇంటాయన ఔననలా, కాదనలా. ఆ దినం నుంచి నన్ను కొట్టంలోకి పోనీలా."

నా చేతిలో పెన్ను ఆగిపోయింది. పక్క సందూ, పెరటి కుళాయీ కళ్ళ ముందు మెదిలాయి. నేనింకా అక్కడే ఉన్నాను, ఆమె మాత్రం మాటల్లో ముందుకు వెళ్ళిపోయింది.

"పన్నెండేండ్లుగా నెలనెలా నేనే కడిగినా మేడం. ఇంగెవురు కడుగుతారు? పన్నెండేండ్లు తగలని అంటు ఇప్పుడెట్ల తగుల్తాది? అందుకని ఈ వారంలో కొత్తగా ఏం జరిగినాదా అని కూకోని ఆలోచించినా. వానకు తౌడు తడిసిపాయ. మా మరిది గోవిందుకు కోళ్ళ ఫారముండాది. కోళ్ళను అమ్మకానికి ఎత్తేసినాక రెండు సంచుల దాణా మిగిలింది. మా ఇంటాయన తెచ్చి గుర్రాలకు పెట్టె. కోడిపిల్ల నలభై దినాల్లో అంత బలుస్తాది గదా, గుర్రం గూడా బలుస్తాదని. తెల్లది తొట్టి నాకి నాకి తినె. ఆడగుర్రానికి దవడపన్ను నొప్పి, సగమే తినె. మిగిలింది మా కోళ్ళు తినె. సగం తిన్నది కాళ్ళు ఈడుస్తాండాది. అంతా తిన్నది సచ్చిపాయ. కోళ్ళకేమో ఏమీ కాలా."

"కోళ్ళకేమీ కాలేదు కాబట్టి దాణా మంచిదే అనుకుంటారు ఎవరైనా" అన్నాను మెల్లగా.

"అందరూ అదే అన్నారు. నేను గూడా అట్లనే అనుకునింటిని. ఆపైన అనిపించె, మా అత్త మింగే నొప్పి మాత్ర ఒకసారి నేను మింగితే నాకు ఒళ్ళంతా దద్దుర్లొచ్చినాయి. ఆమెకు పడింది నాకు పడలా. కోడికి పడింది గుర్రానికి పడల్లని యాడుండాది మేడం?"

నేను చదివిన చదువంతా ఒక్కసారి నా ముందుకొచ్చి నిలబడి తలొంచుకుంది. రక్తపారుడు మందు పేరు మోనెన్సిన్. ఆ మందు డబ్బా మీద చిన్న అక్షరాల్లో 'గుర్రాలకు పెట్టరాదు' అని ఉంటుంది. కోడి తట్టుకునే మోతాదులో నూరో వంతు చాలు, గుర్రం గుండె కండరం చచ్చుబడిపోవడానికి. అలా దెబ్బతిన్న కండరాల రంగే ఆ సీసాలో ఉంది. ఆ వాక్యాన్ని నేను పాతికసార్లు చదివాను. నా సిద్ధాంత గ్రంథంలో రాశాను కూడా. ఒక్కసారైనా ఒక గుర్రాన్ని ఊహించుకోలేదు. అయితే ఆ హెచ్చరిక మందు డబ్బా వరకే. దాణాలో కలిసి, సంచిలో కుట్టేసి, ఫారానికి చేరేసరికి ఆ అక్షరాలు ఎక్కడో రాలిపోతాయి. ఏ అక్షరమూ చదవకుండా, ఏ పుస్తకమూ తిరగేయకుండా, తన ఒంటి మీద లేచిన దద్దుర్లను గుర్తు చేసుకుని ఈమె ఆ వాక్యం దగ్గరికి నడిచి వచ్చింది. అదీ నింద మోస్తూ, కొట్టం గడప బయట నిలబడి. అంత స్పష్టంగా ఆలోచించే మనిషి నాకు మా ల్యాబ్‌లో ఎదురుపడలేదు.

"ఆ దాణా ఇంక పెట్టకండి. దాన్ని అడుగు కూడా నడిపించకండి. నీడలో ఉంచి, పచ్చి కసువు, నీళ్ళు పెట్టండి" అన్నాను.

"రేపు పొద్దున ఎనిమిదికి పెండ్లి ఊరేగింపుండాది మేడం. తెల్లది లేదని దీన్ని తోలుకోని పోతానంటాండాడు."

"నడిపిస్తే గుండె ఆగిపోతుంది."

"నేను చెప్తే ఇనడు. మీరు చెప్పండి." ఫోన్ నంబరు రాసిచ్చి, కోడిని సంచిలో పెట్టుకుని, ఆమె బస్సుకు వెళ్ళిపోయింది.

సంపత్కుమార్ గారికి చెప్తే కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. "మనది కోళ్ళ విభాగమమ్మా. గుర్రం మనకెందుకు? యజమాని ఉత్తరం కూడా లేదు. పల్లెటూరి ఆడామె మాట పట్టుకుని దాణా వాళ్ళ మీదికి పోతామా? గురువారం సమీక్షకు స్లైడ్లు అయ్యాయా?"

"దాణా కోళ్ళదే సార్" అన్నాను. ఆయన కళ్ళద్దాలు తిరిగి పెట్టుకోబోయారు. ఆ సందులో నేను బయటికి వచ్చేశాను. దాణా నుంచి మందు వేరు చేసి కొలిచే యంత్రం మా దగ్గర ఉంది, నా పనే అది. నాలుగు గంటలకు ఫలితం వచ్చింది. మందు నిండు మోతాదులో ఉంది. కోడిపిల్లకు అది సరైన మోతాదే. దాణా చేసినవాళ్ళు తప్పేమీ చేయలేదు. చెప్పవలసిన ఒక్క మాట చెప్పలేదు, అంతే.

చెంగయ్యకు ఫోన్ చేశాను. నేను ఎవరో చెప్పగానే, "కోళ్ళ డాక్టరంట గదా మీరు? గుర్రం సంగతి మీకేం తెలుసమ్మా? అదే దాణా కోళ్ళు తిని గంతులేస్తాండాయి. రేపటికి మాటిచ్చుకోనుండా" అని పెట్టేశాడు. వెటకారంగా అన్నా, నా ఉద్యోగాన్ని దాని అసలు పేరుతో పిలిచిన మొదటి మనిషి ఆయనే అనిపించి, అంత కంగారులోనూ నాకు నవ్వొచ్చింది.

ఆ మర్నాడు మంగళవారం మా మామగారి ఆబ్దికం. ఆయన్ని నేను చూడలేదు, నా పెళ్ళికి ముందే పోయారు. ఎనిమిదేళ్ళుగా ఆ రోజున తెల్లవారకముందే లేచి, తడిచీరతో పొయ్యి ముందు నిలబడి వంటంతా నేనే చేశాను. ఆ వంటలో ఉప్పు చూడకూడదు. రుచి చూడకుండా పదహారు రకాలు వండటం అలవాటైపోయింది. నా బతుకును కూడా ఇంచుమించు అలాగే వండుతున్నానని ఆ సాయంత్రం కుళాయి దగ్గర తల తుడుచుకుంటుంటే తోచింది.

మాధవ్‌తో చెప్పాను. అతని మొదటి ప్రశ్న, "వంట ఎవరు చేస్తారు?"

"వంటస్వామికి ఫోన్ చేశాను. ఐదింటికి వస్తానన్నారు."

"నువ్వే ఫోన్ చేసేశావా? నాన్న తిథి సంవత్సరానికి ఒక్కరోజు హంసినీ. నీ కోళ్ళు రోజూ ఉంటాయి."

"కోడి కాదు, గుర్రం."

"అది ఇంకా బాగుంది. నలుగురూ వస్తారు. కోడలు ఏదని అడిగితే ఏం చెప్పను? గుర్రానికి జబ్బు చేసిందని చెప్పనా?"

"అదే చెప్పండి. నిజం అదే."

అతను నన్ను కొత్త మనిషిని చూసినట్టు చూశాడు. నాకూ నా గొంతు కొత్తగానే ఉంది. మూలన కూర్చుని తమలపాకులు తుడుస్తున్న అత్తయ్య తల ఎత్తకుండా, "బస్సు ఎన్నింటికి?" అంది. ఐదుంబావుకి అన్నాను. ఆవిడ ఇంకో ఆకు తీసుకుని తుడవసాగింది. అడిగింది కోపంతోనో ఇంకెందుకో నాకు అర్థం కాలేదు.

కాలేజీ రోజుల్లో కొన్న స్టెతస్కోపు అల్మారా అడుగున ఉంది. కోళ్ళకు దానితో పెద్దగా పని పడదు. దాన్ని సంచిలో వేసుకుని కాణిపాకం బస్సెక్కాను. అక్కడ దిగి ఆటోలో ఐరాల దారి పట్టేసరికి ఏడు దాటింది. మామిడి తోటల మీద మంచు ఇంకా విడలేదు. ఎనిమిదేళ్ళలో మొదటిసారి ఆ రోజు ఆ వేళకు నా ముందు పొయ్యి లేదు.

కొట్టం ముందు పదిమంది పోగై ఉన్నారు. ఆడగుర్రానికి ఎర్ర మఖమల్ వస్త్రం కప్పి, నుదుటి మీద కుచ్చు కట్టారు. గులాబీ రంగు తలపాగాతో చెంగయ్య కళ్ళెం పట్టుకుని నిలబడ్డాడు. గుమ్మానికి అడ్డంగా, కాళ్ళు చాపుకుని, మునిలక్ష్మి కూర్చుని ఉంది.

"అడ్డం లెయ్ మే. అందరూ సూస్తాండారు" అంటున్నాడు చెంగయ్య.

"సూడనీ. మేడం వస్తాది. ఆమె సూసినాక తోలుకోని పో. అంతవరకూ నన్ను తొక్కుకోని పోవల్ల."

నేను వస్తానని ఆమెకు చెప్పలేదు. చెంగయ్యతో ఫోన్‌లో ఏం మాట్లాడానో ఆమెకు తెలియదు. అయినా నేను వస్తానని ఆమె గుమ్మంలో కూర్చుంది. జీవితంలో నన్ను అంతగా నమ్మినవాళ్ళు ఎవరని ఆలోచిస్తే నాకు ఎవరూ గుర్తు రాలేదు.

గుర్రాన్ని చూశాను. అంత చల్లటి పొద్దున దాని మెడ చెమటతో తడిసి ఉంది. వెనక తొడలు వణుకుతున్నాయి. మెడ పక్కన నరం ఎగిరెగిరి పడుతోంది. ఎడమ మోచేతి వెనక స్టెతస్కోపు ఆనించి లెక్కపెట్టాను. నిమిషానికి ఎనభై నాలుగు. మధ్యమధ్య తడబడి ఆగి, మళ్ళీ పరుగెడుతోంది. నేను చెంగయ్యతో వాదించలేదు. స్టెతస్కోపు తీసి ఆయన చెవుల్లో పెట్టాను. "ముందు మీ గుండె వినండి. తర్వాత దాని గుండె వినండి."

ఆయన విన్నాడు. తనది విని, దానిది విని, మళ్ళీ తనది విన్నాడు.

"నాకంటే బిన్నా కొట్టుకుంటాండాది" అన్నాడు.

"గుర్రం గుండె మనకంటే నిదానంగా కొట్టుకోవాలి. మనదాంట్లో సగమే. మీరు దీన్ని ఊరేగింపులో నడిపిస్తే దారిలోనే పడిపోతుంది." దాణాలో ఏముందో, అది కోడికేం చేస్తుందో, గుర్రానికేం చేస్తుందో అక్కడున్న అందరికీ అర్థమయ్యేలా చెప్పాను. గుర్రం నుదుటి మీది కుచ్చు విప్పుతూ చెంగయ్య కింద చతికిలబడ్డాడు.

"నా చేత్తోనే పెట్టినా గదమ్మా" అన్నాడు. "తెల్లది ఇంగా కావల్లని తల ఇసిరితే ఇంగో బొచ్చెడు పెట్టినా."

ఆ క్షణంలో మునిలక్ష్మి ఏమైనా అనొచ్చు. నేనైతే అనేదాన్ని, మూడు రోజుల నిందకు మూడు మాటలైనా అనేదాన్ని. ఆమె లేచి వెళ్ళి గుర్రం మీది వస్త్రం తీసి మడతపెట్టింది. దాని మెడ తుడిచింది. ఆ తర్వాత భర్త ముందుకొచ్చి నిలబడింది.

"తెలవక పెట్టినావు. దాన్ని తప్పనను. తెలిసినాక గూడా నా మింద నిందుండనిస్తే అది తప్పు. పో, మీ అమ్మకు చెప్పు. వీళ్ళందరికీ ఇనపడేటట్ట గట్టిగా చెప్పు."

చెంగయ్య లేచాడు. తలపాగా తీసి చేత్తో పట్టుకున్నాడు. అరుగు మీద కూర్చున్న ముసలామె వైపు తిరిగి, "అమా, గుర్రం సచ్చింది మునిలక్ష్మి వల్ల గాదు. నేను పెట్టిన దాణా వల్ల" అన్నాడు. మొదటిసారి మెల్లగా వచ్చింది, అందుకని రెండోసారి గట్టిగా చెప్పాడు. ముసలామె ఏదో గొణిగి లోపలికి వెళ్ళిపోయింది. మునిలక్ష్మి కొట్టం గడప దాటి లోపలికి నడిచి, చీపురు తీసుకుంది.

ఈ విషానికి విరుగుడు లేదని ఆమెకు దాచకుండా చెప్పాను. ఐరాల పశువుల డాక్టరు పాల్ గారు వచ్చి సెలైన్ ఎక్కించారు, విటమిన్ సూదులు వేశారు. మిగిలిందంతా విశ్రాంతి. నెలన్నర పాటు గుర్రాన్ని కదలనీయకూడదు. గుండె ఎలా ఉందో రోజూ లెక్కపెట్టాలి. ఎవరు లెక్కపెడతారు అని నేను అనేలోపు మునిలక్ష్మి చెయ్యి చాచింది. పరీక్షకు గుర్రం రక్తం తీసుకుని, స్టెతస్కోపు ఆమె దగ్గరే వదిలి వచ్చాను.

రోజూ పొద్దున ఏడింటికి ఫోన్ వచ్చేది. "ఈ పొద్దు డెబ్బై ఆరు మేడం. రెండు తూర్లు ఆగి కొట్టుకునె." తొమ్మిదో రోజు గుర్రం పడుకుని లేవలేదు. పుండ్లు పడకుండా దాన్ని ఆ పక్కకూ ఈ పక్కకూ పొర్లించడానికి చెంగయ్యను, గోవిందును పిలిచి తనే ముందు నిలబడి చేయించింది. పన్నెండో రోజు అదే లేచింది. తోచినట్టల్లా లెక్కపెట్టకూడదు, రోజూ ఒకే వేళకు, మేత పెట్టకముందు లెక్కపెట్టాలని నేను చెప్పలేదు. ఆమే కనిపెట్టి చెప్పింది. "మేత తిన్నాక నాలుగెక్కువ వస్తాది మేడం, అందుకని ముందే చూస్తాండా." నలభై ఆరో రోజు, "నలభై రెండు. నిదానంగా, గుడిగంట మాదిరి కొట్టుకుంటాండాది" అని చెప్పి ఏడ్చేసింది. నేను మా వంటింట్లో చెంచా పట్టుకుని ఏడ్చాను.

గుండెకు పడిన మచ్చ పోదని, ఆ గుర్రం ఇంక ఊరేగింపుకు పనికిరాదని చెప్పినప్పుడు చెంగయ్య అమ్మేద్దామన్నాడట. "ఊరేగింపుకు పోకుంటే ఉండకూడదా అని అడిగినా. నేనెప్పుడు పోయినా ఊరేగింపుకు? ఈ ఇంట్లో ఉండలా నేను? అని అంటిని" అంది మునిలక్ష్మి ఫోన్‌లో. ఆయన మళ్ళీ ఆ మాట ఎత్తలేదట.

ఇంట్లో అత్తయ్య నాతో పది రోజులు మాట్లాడలేదు. మాధవ్ మాట్లాడాడు, కానీ ప్రతి మాటలో ఆ మంగళవారం ఉండేది. పదకొండో రోజు సాయంత్రం నేను కూర తరుగుతుంటే అత్తయ్య వచ్చి ఎదురుగా కూర్చుంది.

"ఆ గుర్రం బతికిందా?"

"బతికేలా ఉంది అత్తయ్యా. ఇంకా లేవలేదు."

ఆవిడ తరిగిన ముక్కలు ఒక పక్కకు జరిపింది. "మా ఊళ్ళో నాకొక దూడ ఉండేది. నేనే పాలు పట్టి పెంచాను. ఒకరోజు బడి నుంచి వచ్చేసరికి కట్టుకొయ్య మాత్రమే ఉంది. ఏమైందని అడిగితే ఆడపిల్లకెందుకు అన్నారు. ఇప్పటికీ తెలీదు నాకు, అమ్మేశారో చచ్చిపోయిందో." లేచి వెళ్తూ, "లేస్తే నాకు చెప్పు" అంది. మర్నాడు లేచింది. ల్యాబ్ నుంచి ఆవిడకు ఫోన్ చేసి చెప్పాను. ఇన్నేళ్ళలో ఆ చోటి నుంచి ఆవిడకు నేను చేసిన మొదటి ఫోన్ అది.

మూడు నెలలకు పత్రం తయారైంది. గోధుమరంగు గుర్రం రక్త పరీక్షలు, దాణా కొలతలు, నలభై ఆరు రోజుల గుండె లెక్కలు, దాణా సంచి మీద కూడా గుర్రాల హెచ్చరిక ఉండాలన్న సూచన అందులో ఉన్నాయి. ఇప్పుడు సంపత్కుమార్ గారికి గుర్రం మీద ఆసక్తి పుట్టింది. పత్రం చదివి మెచ్చుకున్నారు. తన పేరు ముందు రాసుకున్నారు. మునిలక్ష్మి పేరు కొట్టేశారు.

"ఈమె ఎందుకమ్మా ఇక్కడ? చివర కృతజ్ఞతల్లో 'ఒక స్థానిక రైతు' అని వేద్దాం."

"పేరు లేకుండానా సార్?"

"తొమ్మిదో తరగతి కూడా దాటని మనిషి పేరు పరిశోధన పత్రంలో ఉంటే నవ్వుతారు."

ఈసారి నేను తల ఊపలేదు. "దాణా మీద అనుమానం ఆమెది. గుండె లెక్కలు ఆమెవి. మేతకు ముందు లెక్కపెట్టాలన్న పద్ధతి కూడా ఆమెదే. దాణా పరీక్ష, రక్త పరీక్ష, రాత నావి. మీరేం చేశారో చెప్పండి సార్, అదీ రాస్తాను."

ఆయన కళ్ళద్దాలు తీశారు. తుడవలేదు. చేతిలోనే పట్టుకుని కాగితాల వైపు చూశారు. ఏ వరుసలోనూ ఆయన చెయ్యి లేదని ఆయనకూ తెలుసు. "నీ ఇష్టమమ్మా" అని కాగితాలు నా వైపు జరిపారు. నా పేరు ముందు, మునిలక్ష్మి పేరు తర్వాత రాశాను. ల్యాబ్ వాడుకోనిచ్చినందుకు ఆయనకు కృతజ్ఞతలు చెప్పాను.

మునిలక్ష్మికి ఫోన్ చేసి పేరు ఎలా రాయమంటారని అడిగాను. అక్కడ కోళ్ళ అరుపులు వినిపిస్తున్నాయి.

"మునిలక్ష్మి అని రాయండి. ఎవురి భార్య అని రాయబాకండి." కోళ్ళను అదిలించి మళ్ళీ ఫోన్‌లోకి వచ్చింది. "మేడం, తెల్లదాని పేరు రాసినారా?"

పత్రంలో అది 'ఒకటో గుర్రం'. మూడు నెలలుగా ఆమెతో రోజూ మాట్లాడుతున్నాను. ఒక్కసారి కూడా అడగలేదు.

"దానికి పేరుందా?"

"ఉండాది. ఊరేగింపులో మా ఇంటాయన రాజా అంటాడు, జనాల కోసరం. కొట్టంలో నేను పిలిచేది మంచోడా అని. ఆ పేరుకే తిరిగి చూసేది."

ఫోన్ పెట్టేసి పత్రం మొదటి పేజీ తెరిచాను. 'ఒకటో గుర్రం' అన్న మాట చెరిపేశాను. మంచోడు అన్న పేరును ఇంగ్లీషులో ఏమని రాయాలా అని కొంతసేపు ఆలోచించాను. చివరికి ఆమె పిలిచినట్టే, అక్షరం మార్చకుండా రాశాను.